పాత చీరకు కొత్త కుట్టు

శాంతినికేతన్ సంతలో పట్టుపై మెరిసే కాంథా పుట్టింది చిరుగుల చీరల్లో. ఆ విద్య మన బొంతకు చుట్టమే

శనివారం మధ్యాహ్నం. శాంతినికేతన్ పొలిమేరలోని సోనాఝురి తోపులో ఎర్రమట్టి మీద దుప్పట్లు పరిచి చీరలు పేరుస్తున్నారు. ఓ చెట్టు కింద బావుల్ గాయకుడు ఏక్‌తారా మీటుతూ పాట అందుకున్నాడు. ఒకప్పుడు శనివారానికే పరిమితమైన ఈ సంత, పర్యాటకుల తాకిడితో ఇప్పుడు వారంలో చాలా రోజులు సాగుతోంది. హౌరా నుంచి బోల్‌పూర్‌కు రైల్లో సుమారు మూడు గంటల ప్రయాణం. స్టేషన్ బయట స్థానికులు 'టోటో' అని పిలిచే బ్యాటరీ రిక్షా ఎక్కితే సంత దగ్గర దింపుతుంది.

ఇక్కడ అందరి చూపూ కాంథా పైనే. టస్సర్ చీరల నిండా చేపలు, తామరలు, నెమళ్లు. సూదిని పైకీ కిందికీ దూసే సాదా కుట్టే వాటికి ఆధారం. ఒళ్లంతా పనితనం ఉన్న చీర పూర్తవడానికి నెలలు పడుతుంది.

నిజానికి కాంథా పట్టు మీద పుట్టలేదు. సంస్కృతంలో 'కంథ' అంటే బొంత. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు, ధోవతులను బెంగాలీ ఇల్లాళ్లు పొరలుగా పేర్చి కుట్టేవారు. దారం కూడా చాలావరకు చీర అంచుల్లోంచి లాగిందే. పాత కాంథాల్లో ఎరుపు, నీలం, నలుపు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. చలికి కప్పుకునేది లేప్, పక్క మీద పరిచేది సుజని, అద్దం, దువ్వెన చుట్టిపెట్టేది ఆర్శిలత. పసిబిడ్డ ఒంటికి ఒరుసుకోదు కాబట్టి పొత్తిళ్లకూ పాత బట్టే వాడేవారు.

1980ల నుంచి ఈ కుట్టు పట్టు చీరలకెక్కి నగరాల దుకాణాలకు చేరింది. బీర్‌భూమ్ జిల్లా పల్లెల్లో ఎందరో మహిళలకు అది సొంత సంపాదన. నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ కళకే 2023లో ప్రీతికణ గోస్వామికి, 2024లో తక్దీరా బేగంకు పద్మశ్రీ వచ్చింది. కానీ చాలా ఇళ్లలో బట్ట, దారం, నమూనా వ్యాపారివి. కుట్టిన చేతికి దక్కేది ముక్కకింత చొప్పున కూలి.

పాత చీరతో కుట్టింది ఉందా అని ఓ దుకాణంలో అడిగితే, అమ్ముతున్నావిడ నవ్వింది. ఉంది కానీ ఇంట్లో, అమ్మకానికి కాదంది. ఆ జవాబు విన్నాక మన ఊళ్లలో అమ్మమ్మలు కుట్టిన బొంతలు గుర్తు రాకమానవు. పాలిస్టర్ చీరలు, మిల్లు దుప్పట్లు వచ్చాక అవి అటకెక్కాయి.

తిరిగి మొదలుపెట్టడం కష్టమేం కాదు. రెండు పాత నూలు చీరలు చాలు. సింథటిక్ వద్దు, జారిపోతుంది. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పున నాలుగు ముక్కలు కత్తిరించండి. చిరుగులున్నవి, రంగు వెలిసినవి మధ్యలోకి, బాగున్నవి పైకీ కిందికీ రావాలి. ముడతలు లేకుండా నేల మీద పరిచి, మధ్య నుంచి అంచులకు పొడుగాటి టాకాలు వేయండి. ఇక్కడ తొందరపడితే పొరలు జరిగి బొంత ఉబ్బిపోతుంది. ఆపైన వేలెడు ఎడంతో వరుసలుగా సాదా కుట్టు వేసుకుంటూ పోవాలి. దారం మరీ బిగించొద్దు. చివర్లో టాకాలు విప్పి, చీర అంచునే చుట్టూ మడిచి కుడితే పసిపిల్లల బొంత సిద్ధం. రోజుకో గంట కేటాయిస్తే కొన్ని వారాల పని.

కుట్టు వంకర పోయినా ఫరవాలేదు. సోనాఝురిలో కొన్న పట్టు చీర ఎంత అందమైనదైనా, అందులో మీ అమ్మ కట్టిన చీర ఉండదు.