వంకాయకు అంటగట్టిన మాట

మా ఆలేరులో వలీమా విందు అంటే బిర్యానీ పక్కన బగారా బైంగన్ ఉండి తీరవలసిందే. ఉర్దూలో బఘార్ అంటే పోపు. తెలంగాణ పల్లెల్లో ముస్లిమేతర సోదరుల శుభకార్యాలలో వడ్డించే బగారన్నానికి కూడా ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

లేత గుండ్రని కాయలను తొడిమ విడవకుండా నాలుగుగా చీల్చి, నల్లబడకుండా ఉప్పునీటిలో వేస్తాము. పల్లీలు, నువ్వులు, కుడుక విడివిడిగా వేయించి నూరాలి. ఇక్కడ తొందర పనికిరాదు. నువ్వులు కాస్త మాడినా కూరంతా చేదెక్కుతుంది. వేయించిన కాయలకు ఆ ముద్దనూ చింతపండు పులుసునూ చేర్చి, సన్నని సెగపై నూనె తేలేవరకు మగ్గించాలి. మరునాటికి రుచి మరింత పెరుగుతుందని మా ఇంటిల్లిపాది నమ్మకం. అందుకే ఎప్పుడూ నాలుగు కాయలు ఎక్కువే వేస్తాము.

ఇంత ప్రీతిపాత్రమైన కూరగాయే నిరుడు మా కుటుంబంలో కలతకు కారణమయింది. వంకాయను ఏ ఉద్దేశంతో తింటే అది నెరవేరుతుందని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారని ఎవరో మా ఫుప్పీకి చెప్పారు. ఆమె ఎన్నో ఏళ్లుగా మధుమేహ రోగి. మాత్రలు మానివేసి, రోజూ కాల్చిన వంకాయ తినసాగారు. మేము వారించబోతే, “హదీసునే కాదంటారా?” అని నొచ్చుకున్నారు. చివరికి కళ్లు తిరిగి పడిపోగా ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చింది.

అది హదీసు కానే కాదు. 1350లో పరమపదించిన ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) తన ‘జాదుల్ మఆద్’లో దానిని కల్పితమని తేల్చి చెప్పారు. ప్రవక్తలకు మాట అటుంచి, వివేకం గల సామాన్యునికి ఆపాదించడానికైనా తగని పలుకు అన్నారు. వ్యాధిని పంపిన అల్లాహ్ దాని మందునూ పంపాడన్న ప్రామాణిక హదీసు సహీహ్ బుఖారీలో ఉండగా, మాత్రలు మాన్పించే ఈ మాట ఎవరికి కావాలి?

నిజానికి వంకాయకు లేని గౌరవం అంటగట్టనక్కరలేదు. ఫార్సీలోని బాదిన్‌గాన్ అరబ్బీలో బాదింజాన్ అయింది. ఖలీఫా మామూన్ 825లో వివాహమాడిన బూరాన్ పేరిట ‘బూరానియా’ అనే వంకాయ వంటకం బాగ్దాదు వంటశాలల్లో వెలసింది.

ఇమామ్ గారి మాటలను మా మసీదు పేష్ ఇమామ్ చదివి వినిపించగా ఫుప్పీ చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆ రాత్రి తానే మాత్రలు అడిగి వేసుకున్నారు. కూరలో నూనె తగ్గించమన్న వైద్యురాలి సలహా మాత్రం ఆమెకు ఇంకా రుచించడం లేదు.