కారు ముందే చెప్పింది

మా అబ్బా కారు కాలిన సంగతి ఖాందాన్‌లో అందరికీ తెలుసు. ఎలా కాలిందని అడిగిన వాళ్లందరికీ నేనొకటే జవాబు చెప్పాను: షార్ట్ సర్క్యూట్. అది ఝూట్. పూర్తి ఝూట్ కాకపోయినా, సచ్ మాత్రం కాదు. ఇవాళ అసలు కిస్సా చెప్పేస్తాను. మీ ఇళ్లలోనూ ఒక పాత బండి ఉండే ఉంటుంది.

మాది 1999 మోడల్ మారుతి 800, తెల్లది. కార్బురేటర్ బండి. అబ్బా కర్నూలులో ఉర్దూ మీడియం స్కూల్ హెడ్‌మాస్టర్. పాతికేళ్లు స్కూటర్ తొక్కి, ప్రావిడెంట్ ఫండ్‌లోంచి పైసలు తీసి ఆ కారు కొన్నారు. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. హెడ్‌మాస్టర్‌గారి అబ్బాయి ఉర్దూ స్కూల్లో చదివి తెలుగు సాహిత్యం తీసుకోవడమేంటని రిష్తేదార్లంతా గులుగుతున్న రోజులు. అబ్బా ఎవరికీ జవాబివ్వలేదు. కాలేజీ మొదటిరోజు ఆ కారులోనే తీసుకెళ్లి గేటు దగ్గర దించారు. వాళ్లందరికీ అదే జవాబు.

2015లో అబ్బా ఇంతెఖాల్ తర్వాత కారు నాతో విజయవాడ వచ్చింది. పదేళ్లలో నేను దానికి చేసిన ఖిద్మత్ ఏమిటంటే, ఆగిపోయినప్పుడు బాగు చేయించడం. ఆగనంత కాలం తోలడం.

కిందటి ఏడు ఏప్రిల్ నెలాఖరులో మా ఆవిడ అంది, "పెట్రోల్ కీ బూ ఆరీ జీ." పొద్దున కారు తీసేటప్పుడు వాసన. బీరువాలో బట్టలకి కూడా పట్టిందని ఒకరోజు కాస్త గట్టిగానే చెప్పింది. "పాతబండి, ఆ మాత్రం ఉంటుంది" అన్నాను. ఇరవై రోజులు అదే మాట అన్నాను. అందులో ఒక తమాషా కూడా ఉంది. ప్రతి మే నెలలో మా పేపర్లో 'ఎండల్లో వాహనాలు జాగ్రత్త' అని ఒక బాక్స్ ఐటమ్ వేస్తాం. ఆ ఏడు అది రాసింది నేనే. 'పెట్రోలు వాసన వస్తే వెంటనే మెకానిక్‌కి చూపించండి' అన్న వాక్యం నా కలం నుంచే వచ్చింది.

మే మూడో ఆదివారం. గుంటూరులో ఖాలా ఇంట్లో దావత్ తిని తిరిగొస్తున్నాం. వెనక సీట్లో అమ్మీ, నా కూతురు. ముందు మా ఆవిడ. కాజ టోల్‌గేట్ దాటి మంగళగిరి వైపు వస్తుంటే బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ. ముందు ఆవిరి అనుకున్నాను. రెండు నిమిషాల్లో నల్లబడింది. పక్కకి ఆపి ఇగ్నిషన్ తిప్పేశాను. మా ఆవిడ దిగి పాపని లాగేసింది. అమ్మీకి మోకాళ్ల నొప్పులు. మారుతి 800కి వెనక తలుపులు ఉన్నాయి గానీ, అటువైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. అదీ నేను "చూద్దాంలే" అని వదిలేసిందే. బయటి నుంచి తెరిచి అమ్మీని రెండు చంకల కింద చేతులేసి దించాను. ఆ కొద్దిసేపు ఎంత పొడుగో ఇప్పటికీ చెప్పలేను.

బానెట్ ఎత్తబోతుంటే వెనక ఆగిన లారీ డ్రైవర్ అరిచాడు. "ఎత్తమాకండి సార్! గాలి తగిలితే భగ్గుమంటది!" తన లారీలోని సిలిండర్ పట్టుకొచ్చాడు. లోపలి లివర్ లాగమన్నాడు. బానెట్ రెండు వేళ్ల మందం లేచింది. ఆ సందులోంచే పౌడర్ కొట్టాడు. ఆరిపోయాక కూడా చాలాసేపు ఎత్తనివ్వలేదు. నేను డబ్బులు ఇవ్వబోతే, "సిలిండర్ నింపుకోడానికి సరిపడా ఇవ్వండి, చాలు" అన్నాడు. అల్లా ఆయన్ని సలామత్ ఉంచాలి.

కారుకి ఉన్నది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి అది పనికొస్తుంది. మన బండే కాలితే ఒక్క పైసా రాదు. జెద్దాలో ఉన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "భాయ్‌జాన్, కబాడీకి ఇచ్చేయ్. దానికి ఇంకొంత కలిపి వేరేది తీసుకో." వాడిది దిమాగ్ మాట. నేను మాత్రం బండిని లాగించుకుని ఆటోనగర్ తీసుకెళ్లాను.

అక్కడ పాత మారుతీల ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. గడ్డం తెల్లబడింది గానీ చేతులు వణకవు. బానెట్ ఎత్తి, నిక్కర్ వేసుకున్నప్పటి నుంచీ దగ్గరున్న షాగిర్ద్‌తో టార్చి పట్టించి, పావుగంట ఏమీ మాట్లాడలేదు. తర్వాత పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రబ్బర్ పైపులో మిగిలిన ముక్కని పక్కడ్‌తో తీసి నా అరచేతిలో పెట్టాడు. వంచితే మరమరాల్లా విరిగింది. క్లిప్ ఉన్నచోట పగులు పాతది. తర్వాత ఒక ప్లగ్ వైర్ చూపించాడు. దాని తొడుగు చిట్లి ఉంది. అక్కడ పెట్రోల్ చినుకు, ఇక్కడ నిప్పురవ్వ.

"గాడీ జల్నే సే పైలే బోల్‌తీ మియాఁ" అన్నాడు. "బోలీ నా?"

చెప్పింది ఉస్తాద్. ఇరవై రోజులు చెప్పింది.

మరమ్మతుకి రెండు షరతులు పెట్టాడు. తొందరపెట్టకూడదు, కాలిన వైర్ల మీద టేపు చుట్టమని అడగకూడదు. నేను ఖుబూల్ అన్నాను. మొదటి పని, ఆ పౌడర్ మొత్తం కడిగి ఆరబెట్టడం. అది అలాగే ఉంటే చెమ్మ పట్టి అల్యూమినియాన్నీ కనెక్షన్లనీ తినేస్తుందట. తర్వాత డాష్‌బోర్డ్ గోడ నుంచి హెడ్‌లైట్ల దాకా వైరింగ్ మొత్తం పీకేశాడు. పైకి బాగానే కనిపిస్తున్న వైర్లని కూడా. "తోలు బాగుంది కదా" అన్నాను. బ్లేడుతో ఒకదాన్ని చీల్చి చూపించాడు. లోపల రాగి నల్లగా ఉంది. ఇలాంటి వైరే ఆరు నెలల తర్వాత రెండో మంట పెడుతుంది. పాత వైర్ రంగే కొత్త వైర్‌కీ ఉండాలని పట్టుబట్టి, లేని రంగు కోసం రెండు రోజులు ఆగాడు. నేను ఎప్పుడో పెట్టించిన హారన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా వైర్ లాగి ఉంటే, దానికి ఫ్యూజూ రిలే పెట్టించాడు.

పెట్రోల్ పైపులు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా మార్చేశాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. పాతకాలపు రబ్బరుకి అది పడదు. దాన్ని తట్టుకునే పైపే వేయాలన్నాడు. వేడికి బిగుసుకున్న బ్రేక్ పైపులు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, రేడియేటర్ పైపులు, టైమింగ్ బెల్ట్, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ కొత్తవి. మూడు సిలిండర్లలో కంప్రెషన్ చూశాడు. మూడూ బాగున్నాయి. ఇంజన్ విప్పాల్సిన పని పడలేదు. అల్‌హమ్‌దులిల్లా.

ఏడు వారాలు పట్టింది. ప్రతి సాయంత్రం డ్యూటీకి ముందు వెళ్లి ఒక స్టూల్ మీద కూర్చునేవాణ్ని. పానా, పక్కడ్, పేచ్‌కస్ అని ఉస్తాద్ అడిగితే ఆ తెలుగు కుర్రాడు తల తిప్పకుండానే అందించేవాడు. మరమ్మతు అన్న మాట కూడా మన జబాన్ నుంచే తెలుగులోకి వచ్చింది. ఎమ్మే తెలుగు చదివిన నాకంటే ఆ మాట వాళ్లిద్దరికే బాగా తెలుసు.

ఒకరోజు ఆ కుర్రాడు డాష్‌బోర్డ్ అరలోంచి ఒక పాత డైరీ తీసి ఇచ్చాడు. "సార్, ఇది మీదేనా? ఉర్దూలో ఉంది."

మంట డాష్‌బోర్డ్ గోడ దాటలేదు కాబట్టి అది మిగిలింది. పదేళ్లుగా ఆ అరలోనే ఉంది. టైర్ల బిల్లుల కింద ఎన్నోసార్లు చూశాను. ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిస్తే అబ్బా రాత. స్కూల్ రిజిస్టర్‌లాగే గీతలు గీసి తారీఖు, కిలోమీటర్లు, పని, ఖర్చు. పెట్రోల్ పైపు మార్చింది 2004, 2007, 2010, 2013. సరిగ్గా మూడేళ్లకొకసారి. 2013 నమోదు పక్కన చిన్నగా రాసుకున్నారు: 'రబ్బర్ హై, ఇస్ కీ భీ ఉమర్ హోతీ హై.' దాని తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఆ లిపి రానివాళ్లు చదవలేదంటే ఉజ్ర్ ఉంది. నాకు ఏ ఉజ్రూ లేదు.

ఆ రాత్రి అమ్మీ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. షార్ట్ సర్క్యూట్ కాదు అమ్మీ, నా గఫ్లత్. నీ బహూ చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

అమ్మీ తస్బీ పక్కన పెట్టి నా వైపు చూసింది. "మాలూమ్ హై బేటా. నాకూ వాసన వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"బహూ చెప్పినప్పుడు నువ్వు విసుక్కోవడం విన్నాను. మీ అబ్బా పోయాక ఈ ఇంట్లో అన్నీ నీ మీదే పడ్డాయి. నేను కూడా ఒక మాట అంటే ఇంకా తంగ్ అవుతావని ఊరుకున్నా."

కారు కాలినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. తలుపు తెరుచుకోని సీట్లో, వాసన తెలిసీ, కొడుకు విసుక్కుంటాడని నోరు మూసుకుని కూర్చుంది మా అమ్మ. ఉస్తాద్ అన్న మాట బండి గురించే అనుకున్నాను ఇన్నాళ్లూ.

బిల్లు ముప్ఫై ఎనిమిది వేలు అయింది. ఆ మోడల్ అమ్మితే అంత రాదని నాకు తెలుసు. కబాడీకి ఇమ్మన్న తమ్ముడే పదిహేను వేలు పంపాడు. దేనికని రాయలేదు. నేనూ అడగలేదు.

బండి ఇంటికొచ్చిన రోజు వెనక తలుపు తాళం కూడా బాగైంది. డ్రైవర్ సీటు కింద రెండు కిలోల సిలిండర్ బిగించాను. ఉస్తాద్ చెప్పిన పద్ధతి ఇంట్లో అందరికీ నేర్పాను: పొద్దున తాళం తిప్పేముందు ఒకసారి ముక్కుతో చూడాలి, కింద తడి ఉందేమో కళ్లతో చూడాలి, వాసన వస్తే ఆ రోజు బండి కదలదు. చెప్పింది చిన్నపిల్లయినా సరే.

డైరీలో 2013 తర్వాతి గీత కింద కొత్త నమోదు రాశాను. తారీఖు, కిలోమీటర్లు, పెట్రోల్ పైపు, ఖర్చు. ఉర్దూలోనే రాశాను. నా కూతురు భుజం మీంచి చూసి, "నాకు చదవడం రాదు కదా అబ్బూ" అంది. ఇంగ్లీష్ మీడియం పిల్ల. అలిఫ్ బే నేర్పుతానని ఎన్నాళ్ల నుంచో అంటున్నాను. అది కూడా "చూద్దాంలే" ఖాతాలోనే ఉంది. అప్పటికి దాని కిందే తెలుగులో మళ్లీ రాశాను. ఈ ఆదివారం నుంచి నేర్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు 'రే' దగ్గరున్నాం.

మొన్న అమ్మీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కారు తీశాను. అమ్మీ కర్ర ఆనించుకుని బానెట్ దగ్గర ఆగింది. కొంచెం వంగి వాసన చూసింది.

"ఏమైనా వస్తోందా అమ్మీ?"

"నై" అంది. "వస్తే ఈసారి చెబుతా."

వెనక తలుపు తనే తెరుచుకుని కూర్చుంది.