ధైర్యానికీ ఒక హద్దుంటుంది

రెండవ ప్రపంచయుద్ధ చరిత్ర చదివినప్పుడల్లా ఒక మాట వైద్యుడిగా నన్ను కలచివేస్తుంది: 'లాక్ ఆఫ్ మోరల్ ఫైబర్'. అంటే మనోస్థైర్యం లేనివాడని. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో విమానసిబ్బందిగా పనిచేసిన సుమారు 1,25,000 మందిలో 55,000కు పైగా మరణించారు. ఒక విడత ముగియాలంటే సాధారణంగా 30 దాడులకు వెళ్ళిరావాలి. ఇక ఎగరలేమన్నవారిలో కొందరిపై ఆ ముద్ర వేశారు. నిజానికి వారంతా స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారే. పిరికివారెలా అవుతారు?

ప్రాణాపాయం పదేపదే ఎదురైతే, అది తొలగిపోయాక కూడా మెదడు కాపలా మానదు. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, అకారణ కోపం, ఆత్మీయులకు దూరంగా మసలడం ఏళ్ళతరబడి సాగవచ్చు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ఈ వ్యాధికి పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టింది. దూరాన తెర ముందు కూర్చుని డ్రోన్లు నడిపేవారిలోనూ ఈ లక్షణాలు కనబడుతున్నాయి.

పైలట్‌కు మరొక చిక్కు ఉంది. బాధ చెప్పుకుంటే ఎగిరే అర్హత పోతుందేమోనన్న భయం. అందుకే దాచుకుంటాడు, కొందరు మద్యాన్ని ఆశ్రయిస్తారు. నా వద్దకు వచ్చిన మాజీ సైనికులు సైతం నిద్ర పట్టడం లేదనేవారే గాని, యుద్ధం ఊసెత్తేవారు కారు.

గాయాన్ని తలచుకుని మాట్లాడించే మానసిక చికిత్స, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు మేలు చేస్తాయి. మీ ఇంట అటువంటివారుంటే నిలదీయకండి, ఓపికగా వినండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. విరిగిన ఎముకను ఎవరూ పిరికితనమనరు. మనసుకూ ఆ న్యాయమే వర్తించాలి.