జావా మారిన రోజు

మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారవుతుంది. నేను వెళ్లేసరికి దాన్ని జావా 17 నుంచి 21కి మార్చే పని నడుస్తోంది. టెస్టింగ్ లీడ్‌గా ఉన్న ఆవిడ ఫెయిలైన టెస్టు ఒకటి తెర మీద చూపించారు. రావలసింది '3:45 పీఎం'. వచ్చిందీ '3:45 పీఎం'. ఎంతసేపు చూసినా తేడా కనబడదు.

"మధ్యలో ఖాళీ చూడండి సార్" అన్నారావిడ.

తేదీలు, వేళలు ఏ దేశంలో ఎలా రాస్తారో చెప్పే సీఎల్‌డీఆర్ అనే సమాచార సంపుటి ఉంది. దాని 42వ వెర్షన్ 2023లో జావా 20లోకి వచ్చింది. అమెరికన్ ఇంగ్లిష్ వేళల్లో పీఎంకు ముందు మామూలు స్పేస్ ఉండేచోట అది యూ+202ఎఫ్ అనే సన్నని స్పేస్ పెట్టింది. మన కంటికి రెండూ ఒకటే. పాత స్పేస్‌తో వచ్చిన వేళను చదవాల్సిన ప్రోగ్రాము మాత్రం చేతులెత్తేస్తుంది.

ఒకప్పుడు బయటి లైబ్రరీ ఏది మారినా ఈ బృందం పాత పనులేవీ చెడలేదని చూసే టెస్టులన్నిటినీ, అంటే రిగ్రెషన్ సూట్ మొత్తం నడిపేది, అదీ చాలావరకు చేత్తోనే. అందుకే అప్‌గ్రేడ్‌లు వాయిదా పడేవి. వాయిదా పడేకొద్దీ ఒకేసారి దాటాల్సిన వెర్షన్లు పెరిగేవి, వాటితోపాటు భయమూ పెరిగేది. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడటంతో ఆ పద్ధతికి కాలం చెల్లింది. దాన్ని సరిచేస్తూ ముందు 2.15.0 వచ్చింది. అది చాలక 2.16.0, 2.17.0, 2.17.1 కూడా ఆ నెలలోనే వచ్చాయి. ప్రతిసారీ సూట్ మొత్తం చేత్తో నడపడం ఎవరి తరం?

ఇప్పుడు వేళలకు సంబంధించిన పనంతా ఒకే క్లాసు గుండా పోతుంది. మిగతా కోడ్‌లో జావా ఫార్మాటర్‌ను ఎవరూ నేరుగా పిలవరు. ఆ క్లాసు చుట్టూ చిన్న చిన్న టెస్టులున్నాయి. లైబ్రరీ ఇన్నాళ్లూ ఏమిస్తోందో వాటిలో అక్షరాలా రాసిపెట్టారు. మైకేల్ ఫెదర్స్ 2004 నాటి తన పుస్తకంలో వీటిని క్యారెక్టరైజేషన్ టెస్టులన్నాడు. అప్‌గ్రేడ్ కాగానే ముందు నడిచేవి ఇవే, ఆ స్పేస్‌ను పట్టుకున్నవీ ఇవే. సవరణ కూడా ఆ ఒక్క క్లాసులోనే చేశారు: వేళ నమూనాను జావాకు వదలకుండా తామే రాసుకున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే. కోడ్‌ను ఇలా కట్టుకున్నందువల్లే టెస్టర్ల భారం తగ్గింది.

భారం తగ్గించిన రెండో ఏర్పాటు కవరేజీ పటం. ఏ టెస్టు ఏ కోడ్‌ను తాకుతుందో నమోదై ఉంటుంది కాబట్టి మారిన లైబ్రరీకి సంబంధించినవే నడుస్తాయి. గ్రెగ్ రాథర్మెల్, మేరీ జీన్ హారల్డ్ 1990లలోనే ఇలా టెస్టులను ఎంపిక చేయడం మీద పరిశోధించారు. అయితే సెట్టింగుల ఫైలులో మార్పు ఈ పటంలోకి ఎక్కదు. జావాయే మారితే అసలు ఎంపికకు చోటే లేదు, ప్రతి టెస్టూ దాన్ని తాకుతుంది.

కాబట్టి ఈసారి సూట్ మొత్తం రాత్రికి సర్వర్లమీద నడుస్తుంది. మనుషులు చూడాల్సినవి రెండే: కాగితం మీద బిల్లు ప్రింటు, బ్యాంకు చెల్లింపులు. లీడ్ వాటికి ఇద్దరిని పెట్టి, వచ్చే నెల మార్చాల్సిన లైబ్రరీల జాబితా తెరిచారు.