తలా ఒక గిన్నె

కిందటి కార్తీకంలో ఒక ఆదివారం మా మెట్టుగూడ అపార్టుమెంటు వాళ్ళం వనభోజనాలు పెట్టుకున్నాం. వనం లేదు, భోజనం మాత్రమే ఉంది. పూర్వం ఇదే పనికి యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్ళేవాళ్ళం. కిరసనాయిలు స్టవ్వులూ, జంపఖానాలూ, మరచెంబులూ, పిల్లలూ అన్నీ మోసుకుని తార్నాక దాటి ఏదో ఒక చెట్టు నీడ వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడు మా ఓపికలు డాబా దాకానే. కుండీలో ఒక ఉసిరికొమ్మ గుచ్చితే అదే వనం. ఎదురుగా 2017 నుంచీ మెట్రో రైలు కూత లేకుండా పోతూ ఉంటుంది. రైల్వేవాళ్ళ పేటలో కాపురం చేసిన చెవులు కదా, కూతలేని రైలు నాకింకా రైల్లా అనిపించదు.

"ఈసారి వంటవాళ్ళని పిలవద్దాంటీ, పాట్‌లక్ చేసుకుందాం" అంది రెండో అంతస్తు అమ్మాయి. ఆ అమ్మాయి అమెరికాలో నాలుగేళ్ళుండి వచ్చింది. తలా ఒక గిన్నె తెచ్చి నలుగురూ కలిసి తినడానికి అంత పెద్ద పేరుందని నాకు అరవై దాటాక తెలిసింది. దస్తూరీ బాగుంటుందని జాబితా రాసే పని నాకు అప్పగించారు. అన్నాలు ఒకరికి, కూరలు ముగ్గురికి, స్వీట్లు ఇద్దరికి రాశాను. ఆఖర్న స్టార్టర్లూ సలాడ్లూ మిగిలాయి.

"అవి మీరు తీసుకోండాంటీ, మీకు శ్రమ ఉండదు" అంది, ఎంతో ప్రేమగా.

నాకు ఒళ్ళు మండింది. నా గుత్తివంకాయ తిని చెయ్యి కడుక్కోవడానికి కూడా మనసొప్పక కూర్చున్నవాళ్ళున్నారీ మెట్టుగూడలో. అలాంటి నాకు సలాడా! ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, పేపరు దించకుండా, "అంటే పచ్చి ఆకులు కోసుకుని వెళ్ళడమేగా? గరిటె కూడా పట్టక్కర్లేదు, అదృష్టవంతురాలివి" అన్నారు.

సరే, ఎగతాళి ఎలాగూ తప్పలేదు, ముందుగా ఒకసారి చేసి చూద్దామని శుక్రవారం రాత్రి కీరాదోసకాయలూ, కేరెట్లూ సన్నగా తరిగి, ఉప్పూ నిమ్మరసం కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. తెల్లారి మూత తీస్తే గిన్నెలో హుస్సేన్ సాగర్! ముక్కలన్నీ వడలిపోయి అడుక్కి చేరాయి. గుత్తివంకాయ వండిన చేతికి పచ్చి దోసకాయ లొంగలేదు.

ఆ గిన్నె చేత్తో పట్టుకుని వరండాలో నిలబడితే ఎదురింటి పిన్నిగారు తలుపు తీశారు.

ఆవిడ సంగతి చెప్పాలి. ఇప్పుడీ అపార్టుమెంటు ఉన్నచోట ఒక పెంకుటిల్లుండేది. నేను 1983లో కాపురానికొచ్చినప్పుడు అందులో మాదొక వాటా, పక్కది ఆవిడది. ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపాక చెరో ఫ్లాటూ కొనుక్కుని మళ్ళీ ఎదురుబొదురు అయ్యాం. ఆయన రైల్వేలో గార్డు. 1985లో పోయారు. పెంచి పెద్దచేసిన కొడుకు పూనాలో ఉంటాడు. ఇప్పుడావిడకి ఎనభై.

"నాకేం రాశావే అమ్మాయీ జాబితాలో?" అన్నారు.

"మీకేం లేదు పిన్నిగారూ. మీరెందుకు శ్రమపడటం, ఊరికే వచ్చి భోంచెయ్యండి" అన్నాను.

"అలాగేనమ్మా" అని తలుపు వేసుకున్నారు.

నేను మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. 'శ్రమ ఉండదు' అని నాకు సలాడు ఇస్తే రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. అదే మాట చెప్పి ఆవిడకి సలాడు కూడా లేకుండా చేశాను! పది గిన్నెల మధ్య తన గిన్నె లేకుండా, ఉత్త చేతులతో వచ్చి విస్తరి ముందు కూర్చోమన్నాను. వయసు మళ్ళినవాళ్ళ మీద దయ చూపించడం ఎంత తేలికో చూశారూ!

అంతటితో ఆగితే బాగుండును. ఎప్పటిదో 1986 నాటి వనభోజనం గుర్తుకొచ్చింది. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆవిడ కూడా మాతో క్యాంపస్‌కి వచ్చారు. ఇత్తడి గిన్నె నిండా పులిహోర తెచ్చారు. పొద్దున్నే దీపాలు పెట్టుకున్న ముత్తయిదువలం అందరం. ఎవరూ వద్దనలేదు. ఎవరూ వడ్డించుకోనూ లేదు. నేను చెయ్యి చాపబోతే మా అత్తగారు నోటితో ఏమీ అనలేదు, ఒక్క చూపు చూశారంతే. చెయ్యి వెనక్కి తీసుకుని దద్ధ్యోదనం వైపు జరిగాను. సాయంత్రం ఆ గిన్నె ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్ళింది. ఆ తరవాత ఆవిడ మాకు ఎన్నోసార్లు జ్వరాలకి జావలు కాచిపెట్టారుగాని, పదిమందిలోకి గిన్నె పట్టుకుని రావడం నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు నాది చిన్నతనం అనుకోవచ్చు. మరి ఇప్పుడో?

వెళ్ళి తలుపు కొట్టాను. "పిన్నిగారూ, నాకు సలాడ్లు చేతకావడంలేదు" అని గిన్నె చూపించాను. ఆవిడ వంగి చూసి నవ్వారు.

"ఉప్పు నీళ్ళని లాగేస్తుందే. మాగాయకి ఊట ఎక్కణ్ణించి వస్తుందనుకున్నావు? ఉప్పూ పులుపూ వడ్డించే ముందు కలపాలి. ఇంతకీ సలాడంటే ఏమిటి? మన కోసంబరేనా?"

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. శ్రీరామనవమి నాడు పానకంతోపాటు పంచే వడపప్పు ఏమిటి మరి? పెరుగు పచ్చళ్ళేమిటి? మన హైదరాబాదులో బిర్యానీ పక్కన పెట్టే కచుంబరేమిటి? ప్రసాదమనో, నంజుడనో పేరు పెట్టి తింటున్నాం కనక వాటిని సలాడ్లుగా గుర్తుపట్టలేదు, అంతే.

"అయితే కోసంబరి మీ పేరున రాస్తున్నాను. మీ గిన్నెలోనే తేవాలి" అన్నాను. ఆవిడ నా వంక ఒక్క క్షణం చూశారు. "పాతికమందికి అర్ధకిలో పెసరపప్పు చాలుతుంది" అన్నారు.

శనివారం ఇద్దరం కలిసి సికిందరాబాదు మోండా మార్కెట్టుకి వెళ్ళొచ్చాం. ఆవిడ చేసిన పద్ధతి రాస్తాను, మీకూ పనికొస్తుంది. పెసరపప్పు కడిగి గంటసేపు నానబెట్టాలి. గోటితో నొక్కితే పుటుక్కున తెగాలి, అంతకంటే నానితే మెత్తబడిపోతుంది. నీళ్ళు పూర్తిగా వార్చి, పొడి గుడ్డ మీద కాసేపు ఆరనివ్వాలి. కిలో లేత కీరాదోసకాయలు గింజ భాగం తీసేసి సన్నగా తరగాలి. అర్ధకిలో కేరెట్టు, ఒక కొబ్బరికాయ తురుముకోవాలి. పచ్చిమిరపకాయలు ఆరు, కొత్తిమీర ఒక కట్ట. ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి చల్లార్చి కలపాలి. వేసవిలో అయితే పులుపుకి మామిడికాయ కోరు వేస్తాం. కార్తీకంలో మామిడికాయ ఎక్కడిది? పిన్నిగారు ఆరు పెద్ద ఉసిరికాయలు తురిమి వేశారు. ఉసిరిచెట్టు నీడ ఎలాగూ దొరకదు, కాయైనా పంక్తిలో ఉండాలిగా అన్నారు. దానికి తోడు ఒక నిమ్మచెక్క చాలింది.

స్టార్టర్ల సంగతి ఇంకా తేలిక. బియ్యప్పిండి చెక్కలు గురువారమే నా డబ్బాలో చేరాయి. నిలవుండేవాటిని ముందుగా చేసుకుంటే పార్టీ నాడు మనిషి మనిషిలా ఉంటుంది. నల్లశనగలు రాత్రి నానబోసి, పొద్దున్న కుక్కర్లో ఉడికించి, ఎండుమిర్చి పోపూ కొబ్బరీ వేస్తే గుగ్గిళ్ళు సిద్ధం. కార్తీకమని ఉల్లిపాయ మానేసేవాళ్ళుంటారు కనక దేంట్లోనూ ఉల్లి లేదు, ఎవరికీ లోటూ తెలియలేదు. ఇక మరమరాల మసాలా. వేయించిన పల్లీలూ, పుట్నాలపప్పూ, కేరెట్టు కోరూ, ఉప్పూ కారం, ఒక చెంచా పచ్చినూనె, నిమ్మరసం. దీన్ని మాత్రం ముందుగా కలిపితే దూది తిన్నట్టుంటుంది. అందుకని అన్నీ విడివిడిగా పైకి తీసుకెళ్ళి, డాబా మీదే కలిపి, పాత క్యాలెండరు కాగితాల పొట్లాల్లో పోసి ఇచ్చాం. పిల్లలు ఆ పొట్లాల కోసం కొట్టుకున్నారు.

ఆదివారం డాబా మీద బల్లలు నిండిపోయాయి. గోబీ మంచూరియా, పనీర్ టిక్కా, పాస్తా అనే పురుగుల్లాంటి పదార్థం, అన్నీ ఉన్నాయి. ఆ మధ్యలో పిన్నిగారి ఇత్తడి గిన్నె. చింతపండుతో తోమి తళతళలాడించారు. అదే గిన్నె. నేను గుర్తుపట్టాను.

ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టి, దూరంగా కుర్చీలో కూర్చుని, మెట్రో వైపు చూస్తున్నట్టు కూర్చున్నారు. నేను వెళ్ళి అందరికంటే ముందు వడ్డించుకున్నాను, అదీ ఒక గరిటె కాదు, రెండు. నా గుండె ఎందుకంత కొట్టుకుందో పక్కనున్నవాళ్ళకేం తెలుసు! ఈ కాలం పిల్లలకి ఆ పాత పట్టింపులు తెలియనే తెలియవు, పాపం. నా వెనక రెండో అంతస్తు అమ్మాయి, దాని వెనక దాని మొగుడు, "ఏమిటాంటీ ఇది, ఇంత బాగుంది" అంటూ.

మా మొదటి అంతస్తులో ఒకాయన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. 1918లో కూనూరులో పుట్టిన సంస్థ 1958లో మన ఊరికి వచ్చిందని ప్రతి ఫంక్షన్లోనూ చెబుతారు. ఆయన విస్తరిలో కోసంబరి చూసి ఉపన్యాసం మొదలెట్టారు. పప్పులో ఇనుముంటుందట, పుల్లటి ఉసిరిలో ఉండే సి విటమిను తోడైతే అది ఒంటికి బాగా పడుతుందట. వాళ్ళ సంస్థ 2024లో ఇచ్చిన సలహాల ప్రకారం మనిషి రోజుకి కూరలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు తినాలట. "మన ఇళ్ళల్లో కూర అన్నానికి నంజు, అక్కడే వచ్చింది చిక్కు" అన్నారు. తరిగి కలిపిన పచ్చి కూరల్ని బయట రెండు గంటలకి మించి ఉంచద్దని కూడా హెచ్చరించారు. ఆ హెచ్చరికతో పని పడలేదు. అరగంటలో గిన్నె అడుగు కనిపించింది.

అందరూ దిగిపోయాక ఇద్దరం మిగిలాం. నేను గిన్నెలు సర్దుతున్నాను. పిన్నిగారు తన గిన్నెలోకి తొంగిచూసి, మామూలుగా అన్నారు.

"ఆ ఏడు పులిహోరలో ఉప్పు ఎక్కువైందేమో అనుకుంటూ ఉండేదాన్నే అమ్మాయీ."

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆవిడకి తెలుసో, తెలిసీ ఉప్పు మీదికి తోసుకున్నారో!

"ఉప్పు సరిగ్గానే ఉండి ఉంటుంది పిన్నిగారూ. మేమే తినలేదు" అన్నాను. అంతకంటే చక్కగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆవిడ ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆ గిన్నె కడిగి ఇవ్వు" అన్నారు.

మనిళ్ళల్లో గిన్నె ఉత్తది తిరిగివ్వరు కదా. కడిగి, తుడిచి, గుప్పెడు పంచదార పోసి తీసుకెళ్ళి ఇచ్చాను. అందుకుని, తలుపు వెయ్యబోతూ మళ్ళీ తీశారు.

"వచ్చే కార్తీకానికి నా పేరున పులిహోర రాయి. ఉప్పు మాత్రం నువ్వే చూద్దువుగాని."

ఈ సంగతి చెబితే మా ఆయన ఈసారి పేపరు దించారు. "మరి నీకో?" అన్నారు.

"నాకు సలాడే. గుత్తివంకాయ ఎవరైనా వండుతారు" అన్నాను.