నాన్న కార్డు

2025 అక్టోబర్. గాజువాకలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. ఆరోగ్యమిత్ర బల్ల వెనకున్న అమ్మాయి నాన్న కార్డు చూసి, "సర్వీసులు ఆపేశారండీ. డబ్బులు కట్టుకుంటే చేసేస్తారు" అంది. నాన్న ముప్ఫై ఏళ్లుగా ఆటో తోలుతున్నారు. గుండెలో బ్లాకు ఉందని ఆ వారమే తేలింది.

బకాయిలు చెల్లించలేదని ఆ నెల 10 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ ఆపేసింది ఏపీ స్పెషాలిటీ హాస్పిటల్స్ అసోసియేషన్. పేపర్లలో పొట్టిగా 'ఆశ' అని రాస్తారు. ఆ రోజు ఆ పేరు చదివితే ఒళ్లు మండింది.

ఇంకో చిన్న ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుగా ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి అరిచాను. అంతా విని, "నాకు రెండు నెలలుగా జీతం లేదు. స్టెంట్లు ఇచ్చేవాడు అప్పివ్వనంటున్నాడు. మేం అడక్కపోతే ఎవరడుగుతారు?" అంది. జవాబు దొరకలేదు.

2007లో, తానూ డాక్టరే అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీ మొదలుపెట్టారు. తొలి మూడు జిల్లాల్లో మా పక్కనున్న శ్రీకాకుళం ఒకటి. వైద్యం ప్రైవేటు ఆస్పత్రులూ చేస్తాయి, ప్యాకేజీ రేటు ప్రకారం డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. మాలాంటివాళ్లు కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కింది దానివల్లే. ప్రభుత్వానికి ఆ ఆస్పత్రులు లేకపోతే గడవని పరిస్థితి వచ్చిందీ దానివల్లే. అందుకే వాళ్లు ఆపేస్తామంటే చర్చలకు పిలవక తప్పదు. సమ్మెకు నెల ముందే క్యాబినెట్ కొత్త పద్ధతికి ఒప్పుకుంది: రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ పైన పాతిక లక్షల దాకా ట్రస్టు. అంటే బేరాల్లోకి ఇంకో మనిషి వచ్చాడు. కార్డున్నవాళ్ల తరఫున మాత్రం ఎవరూ లేరు. మాకు అసోసియేషన్ లేదు.

నాన్నని కేజీహెచ్‌కి తీసుకెళ్లాం. 1923 నుంచీ ఈ ఊరికి ఉన్న దిక్కు అదే. స్టెంట్ అక్కడే వేశారు. తర్వాత చర్చలు జరిగాయి, సేవలూ మళ్లీ మొదలయ్యాయి.

వార్డులో కూర్చుని నేను డాక్టర్లని తిడుతుంటే నాన్న కాసేపు విన్నారు. ఆయన ఆటో యూనియన్‌లో పాత మెంబరు.

"మేం బంద్ చేసిన రోజున కూడా ఎవడో ఒకడు జ్వరంతో ఆస్పత్రికి నడిచే వెళ్లుంటాడురా," అన్నారు. "అప్పుడు నేనేటి, ఆడి గురించి ఆలోచించానా?"