సెలవులకు ఇంటికొచ్చే కొడుకు

తెల్లవారుజామున దోమలో బయలుదేరి, పరిగిలో హైదరాబాద్ బస్సెక్కి, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు పట్టుకొని సూర్యాపేటలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మా వికారాబాద్ జిల్లాలో ఈమధ్య సైన్యం ఊసొస్తే అందరూ దామగుండం గురించే మాట్లాడుతున్నారు. పూడూరు మండలంలోని ఆ అడవిలో 2024 అక్టోబరు 15న నౌకాదళ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఎంత అడవి పోతుంది, ఎన్ని చెట్లు పోతాయన్న వాదన ఇంకా నడుస్తోంది. నడవాల్సిందే. ఆ మాటల్లో సైనికుడి ఇంటి సంగతి మాత్రం ఎక్కడా రాదు. దాని కోసమే, 2020లో గల్వాన్ లోయలో అమరుడైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు ఊరికి వచ్చాను.

కోర్టు చౌరస్తాలో ఆయన తొమ్మిది అడుగుల కంచు విగ్రహం ఉంది. మొదటి వర్ధంతి నాడు, 2021 జూన్ 15న, మంత్రి కేటీఆర్ ఆవిష్కరించారు. చుట్టూ ఆటోల హారన్లు. ఒక పెద్దాయన సంచీ కింద పెట్టి, చెప్పులు విడిచి, గుడి ముందు నిలబడ్డట్టు క్షణం నిలబడి మళ్లీ సంచీ ఎత్తుకున్నాడు.

సంతోష్‌బాబు బ్యాంకు ఉద్యోగి కొడుకు. సైన్యంలో చేరాలన్న కోరిక మొదట తండ్రిది. తనకు కుదరనిది కొడుకు చేత చేయించాలని ఆరో తరగతిలోనే విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చేర్పించారు. ఇక అప్పటి నుంచి ఆ ఇంటికి ఆయన సెలవులకు వచ్చే కొడుకే. కోరుకొండ తర్వాత ఖడక్‌వాస్లా డిఫెన్స్ అకాడమీ, ఆపైన డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ. 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో అధికారి అయ్యారు. కశ్మీరు, ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో కాంగో, చివరికి లద్దాఖ్. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అంతే, ఆయన ఎక్కడో, ఇల్లెక్కడో. భార్యాపిల్లలు ఢిల్లీలో, అమ్మానాన్నలు సూర్యాపేటలో, అందరినీ కలిపింది ఫోనే.

2019 డిసెంబరులో అదే బెటాలియన్‌కు కమాండింగ్ అధికారి అయ్యారు. హైదరాబాద్ బదిలీ మీద రావాల్సిన మనిషి, కరోనా లాక్‌డౌన్ వల్ల ఆగిపోయారు. 2020 జూన్ 14 ఆదివారం అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడారు.

మర్నాటి రాత్రే గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణ. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో ఇరుదేశాలూ ఒప్పుకున్నాయి. అందుకే ఆ చలిలో, చీకట్లో రాళ్లతో, ఇనుపకడ్డీలతో పోరు జరిగింది. దెబ్బలు తగిలినా ఆయన తన జవాన్ల ముందే నిలబడ్డారు. ఆయనతో కలిపి మొత్తం ఇరవై మంది తిరిగి రాలేదు. అంటే ఇరవై ఇళ్లు.

పార్థివదేహం హకీంపేట వైమానిక దళ స్థావరంలో దిగి, రాత్రికి రాత్రి సూర్యాపేట చేరింది. జూన్ 18న పట్టణం పక్కనే ఉన్న కాసరబాద్‌లో, సొంత పొలంలో అంత్యక్రియలు. చితికి నిప్పు పెట్టింది తండ్రే. తనకు తీరని కోరికను కొడుకులో చూసుకున్న మనిషి చేతికి ఆ నిప్పు ఎంత బరువై ఉంటుందో! చౌరస్తాలో నిలబడి తలుచుకుంటేనే నా గొంతు పట్టేసింది.

రాష్ట్ర ప్రభుత్వం ఐదు కోట్ల రూపాయలు, బంజారాహిల్స్‌లో 711 గజాల స్థలం ఇచ్చింది. భార్య సంతోషికి డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. జూలై 22న ముఖ్యమంత్రి కేసీఆర్ చేతుల మీదుగా ఆమె నియామక పత్రం అందుకున్నారు. భర్త పోయి నలభై రోజులైనా నిండలేదు. కాగితం అందుకున్న ఆ ధైర్యాన్ని కూడా పతకాల పక్కనే లెక్కపెట్టాలనిపిస్తుంది నాకు.

2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో మహావీర చక్ర ప్రదానం జరిగింది. యుద్ధరంగ పురస్కారాల్లో పరమవీర చక్ర తర్వాత అదే పెద్దది. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా దాన్ని అందుకోవడానికి తల్లి మంజుల, కోడలు సంతోషి పక్కపక్కనే నడిచి వెళ్లారు.